ఫ్యాన్లు ఆపాలా, వద్దా? విద్యార్థుల నాటకోత్సవం డైరీ

జనవరి 26, ఆదివారం

జెండా వందనం అయ్యాక నలుగురం గవర్నర్‌పేటలో ఇడ్లీ తింటూ మాటల్లో మాటగా ఖాయం చేసేసుకున్నాం. ఈ వేసవిలో విజయవాడలో కాలేజీ పిల్లల నాటకోత్సవం పెడుతున్నాం. రెండు రోజులు. పగలు వర్క్‌షాపులు, సాయంత్రం నాటికలు. ఒక్కటే పట్టుదల: ప్రతి నాటికా పిల్లలు సొంతంగా రాసుకున్నదై ఉండాలి.

తేదీ దగ్గరే మొదటి తగాదా. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి, మనం తెలుగు నాటకరంగ దినోత్సవం చేసుకునే రోజు. 1848లో పుట్టిన ఆయన 1880లో రాజమండ్రిలో నాటకం వేయించింది తన విద్యార్థుల చేతే. విద్యార్థి నాటకోత్సవానికి అంతకంటే మంచి రోజు ఏముంటుంది? కానీ ఈసారి అది బుధవారం పడింది. క్లాసులు ఎగ్గొట్టించి నాటకాలు వేయించారన్న పేరు మాకెందుకని ఏప్రిల్ 12, 13కి జరిపాం. రెండో శనివారం, ఆదివారం.

అన్నీ రాసి పెట్టుకోవాలని ఈసారి గట్టిగా అనుకున్నాను. రెండేళ్ల కిందట ఇలాంటిదే చిన్నగా చేశాం. నల్ల తెర ఎక్కడ అద్దెకి తెచ్చామో ఇప్పుడు నలుగురిలో ఒక్కళ్లకీ గుర్తులేదు.

ఫిబ్రవరి 2

హాలు వేట. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం ముందు నిలబడి కాసేపు ఆశపడి వచ్చేశాం. మా పిల్లల గొంతులకీ మా జేబులకీ కూడా అది పెద్దది. చివరికి గాంధీనగర్ వైపు ఒక పాత హాలు కుదిరింది. చెక్క స్టేజి, 240 కుర్చీలు, పైన 14 ఫ్యాన్లు. స్టేజి మీద నడిస్తే ఎడమ వైపు మూడో పలక కిర్రుమంటుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టాం.

నేను చివరి వరసలో కూర్చున్నాను. మావాడొకడు స్టేజి మీద నిలబడి ఆ రోజు పేపరు చదివాడు. ఫ్యాన్లు ఆపితే ప్రతి మాటా వినపడింది. ఫ్యాన్లు వేయగానే పెదాలు కదులుతున్నాయి తప్ప వార్త రావట్లేదు. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూశాం. ఫ్యాన్లు లేనప్పుడు 40 డెసిబెల్స్ దగ్గర, అన్నీ ఐదు మీద పెడితే 59. మామూలుగా మాట్లాడితే గొంతు చివరి వరసకి వచ్చేసరికి 50. ఫోన్ లెక్కని శాస్త్రం అనుకోనక్కర్లేదు గానీ గొంతు ఫ్యాను కింద మునిగిపోతోందని తెలియడానికి అది చాలు.

"మైకులు పెడితే పోయె," అన్నారు మిగతావాళ్లు. నేను ఒప్పుకోలేదు. పరిషత్తు పోటీల్లో నాటకాలు చూస్తూ పెరిగినదాన్ని. పైనుంచి మైకు వేలాడుతుంటే అది ఎక్కడ బాగా అందుకుంటుందో నటులకి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంక పెళ్లాంతో పోట్లాడే మొగుడు కూడా తాపీగా నడుచుకుంటూ వచ్చి, ఆ మైకు కిందే నిలబడి, మనవైపు తిరిగి పోట్లాడతాడు. పెళ్లాం వెనకాల ఎక్కడో ఉంటుంది. కాలర్ మైకులు పది తెచ్చే స్తోమత లేదు. ఉన్నా, ఇద్దరు కావలించుకుంటే స్పీకర్లో బరబరమని మోత.

కాబట్టి మైకుల్లేవు. ఏప్రిల్ నెల బెజవాడలో ఫ్యాన్లు లేకుండా 240 మందిని ఎలా కూర్చోబెడతామన్నది తర్వాత చూద్దాం అనుకున్నాం.

ఫిబ్రవరి 9

నిబంధనల కాగితం తయారైంది. పాతిక నిమిషాలు. ఆరుగురికి మించి నటులు వద్దు. రికార్డింగ్ డైలాగులు వద్దు. సెట్ ఐదు నిమిషాల్లో వేసి ఐదు నిమిషాల్లో తీసేయాలి. కథ సొంతది, వీలైతే సొంత ఊరిది. బహుమతులు లేవు. ఈ చివరి దాని మీద చాలాసేపు వాదించుకున్నాం. ఉత్తమ నటుడు, ఉత్తమ ప్రతినాయకుడు అంటూ షీల్డులు ఉంటేనే పిల్లలు వస్తారని ఇద్దరు అన్నారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి మనకి నాటకం అంటే పోటీయే. ఆ పోటీలే మనకి ఎంతోమంది నటుల్ని, రచయితల్ని ఇచ్చాయి, కాదనను. కానీ పందొమ్మిదేళ్ల పిల్ల తన మొదటి నాటకం రాస్తున్నప్పుడు జడ్జీ గురించి ఆలోచించకూడదు.

ఫిబ్రవరి 23

పద్నాలుగు స్క్రిప్టులు వచ్చాయి. విజయవాడవి పది, గుంటూరువి మూడు, తెనాలిది ఒకటి.

అన్నీ చదివాక కాసేపు నవ్వుకున్నాం. ఐదింటిలో కొడుకు అమెరికాలో ఉన్నాడు, తండ్రి ఇక్కడ వాలుకుర్చీలో దగ్గుతున్నాడు. రాసినవాళ్లెవరికీ ఇరవై ఏళ్లు నిండలేదు! వాళ్ల బాధలు వాళ్లకి లేనట్టు పరిషత్తుల్లో చూసిన ముసలాయన్ని తెచ్చి పెట్టేశారు. రెండు యూట్యూబ్ షార్ట్ ఫిల్ముల నుంచి ఎత్తినవి. ఒకటి టీవీ స్కిట్టు, మొదట్నుంచి చివరిదాకా పక్కవాడి లావు మీద జోకులే.

ఆరు తీసుకున్నాం. గుంటూరు పిల్లలది మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల కథ. రాసిన అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఆ పనే చేసేదట. ఇంకొకటి హాస్టల్లో ఆరుగురికి ఒకే అద్దం. తెనాలి కుర్రాడు సప్లీ పరీక్షల మీద పద్యనాటిక రాశాడు, ఆటవెలదులు బాగానే నడిచాయి.

విజయవాడ సింగ్‌నగర్ పిల్లలు వరద మీద రాశారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వాళ్ల వీధుల్లోకి వచ్చినప్పుడు ఆ పిల్లలంతా మేడల మీదే ఉన్నారు. స్క్రిప్టు మాత్రం రెండు పేజీల ఉపన్యాసం. తిరగ్గొట్టేద్దామని పక్కన పెడుతుంటే ఒక పాత్ర ప్రవేశం దగ్గర బ్రాకెట్లో ఈ ముక్క కనపడింది: "చీకటి. ఎదురు మేడ మీద ఎవరో దగ్గుతారు. అంటే వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు." ఆ రెండు వాక్యాల కోసం తీసుకున్నాం.

మార్చి 2

రచన వర్క్‌షాపు. ఆరు బృందాల్లో రాసేవాళ్లు పదముగ్గురు వచ్చారు. ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చుకోమని ముందే చెప్పాం. కథ చెప్పొద్దు, ఆ వస్తువు గురించే చెప్పాలి.

సింగ్‌నగర్ నుంచి వచ్చిన అమ్మాయి, బీఎస్సీ మొదటి సంవత్సరం, బ్యాగులోంచి ఒక ప్లాస్టిక్ ఫైలు తీసింది. అందులో పదో తరగతి మార్కుల మెమో. నీళ్లలో తడిసి ఆరిన కాగితం. మడత ఉన్నచోట గోధుమరంగు గీత. సీలు ఇంకు నీలంగా పాకి పక్కనున్న లెక్కల మార్కుల మీదికి వచ్చేసింది. కవరు కాగితానికి అంటుకుపోయి, లాగితే అక్షరాలు కవరుతో వస్తున్నాయి. అందుకే సగం దాకా లాగి వదిలేశారు.

"మా అమ్మ ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టింది మేడమ్," అంది. "కరెంటు వచ్చిన రోజు ఫస్టు అదే చేసింది. అన్నం కూడా వండలేదు."

ఎంత మెల్లగా చెప్పిందంటే బల్లకి ఈ చివరున్న నేను రెండుసార్లు "ఏంటమ్మా?" అని అడగాల్సి వచ్చింది.

అక్కణ్నుంచి మిగతావాళ్లు అందుకున్నారు. రెండో రోజుకి ఫోన్లో 4 శాతం చార్జింగ్ ఉంటే ఎవరికి చేయాలని ఇంట్లో గొడవ. కింద ఇంటి గ్యాస్ సిలిండరు తేలుకుంటూ గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. డ్రోను భోజనం పొట్లాలు తెచ్చి వేస్తుంటే చిన్నపిల్లలు ఆకలి మర్చిపోయి దానికి చేతులూపారు. ఎదురు మేడ వాళ్లు తాడుకి బకెట్టు కట్టి పాలపాకెట్లు పంపారు. కృష్ణలో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వెళ్తోందని రేడియోలో విన్నారు గానీ వాళ్ల లెక్క మెట్లతోనట: "పొద్దున ఏడో మెట్టు మేడమ్, సాయంత్రానికి తొమ్మిది."

ఉపన్యాసం పేజీలు వాళ్లే చించేసుకున్నారు.

మార్చి 9

రంజాన్ నెల మొదలైంది. సింగ్‌నగర్ బృందంలో ఒక కుర్రాడు ఉపవాసం ఉంటున్నాడు కాబట్టి వాళ్ల రిహార్సల్స్ ఇఫ్తార్ అయ్యాక, ఏడు నుంచి తొమ్మిది దాకా. ఆ కుర్రాడి తల్లి రోజూ ఒక పెద్ద డబ్బా గంజి పంపిస్తోంది. మిగతా బృందాల వాళ్లు కూడా "మేమూ ఏడింటికే వస్తాం మేడమ్" అంటున్నారు. కారణం నాటకం కాదని తెలుసు.

ఈ రోజు అసలు చిక్కు: స్టేజి మీద నీళ్లు ఎలా చూపించాలి? మొదట నీలం గుడ్డ పట్టుకుని ఇద్దరు అటూ ఇటూ ఊపారు. స్కూలు వార్షికోత్సవంలా ఉంది. ఉపవాసం ఉన్న కుర్రాడు అలిసిపోయి బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. కింద పడ్డ పెన్ను తీయాలంటే దిగకుండా వంగి, చెయ్యి చాపి, అందక ఊరుకున్నాడు. అందరం వాడినే చూశాం. దొరికింది! ఈ నాటికలో ఎవరి కాలూ నేలకి తగలదు. నాలుగు బెంచీలు, రెండు డాబాలు. మధ్య ఆరడుగుల ఖాళీ. ఆ ఖాళీయే వరద.

మార్చి 16

గొంతు వర్క్‌షాపు. ఈ రోజు గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

తాడికొండ వైపు నుంచి బుర్రకథ చెప్పే పెద్దాయన ఒకరు వచ్చారు. డెబ్బై దాటాయి. బుర్రకథ అంటే నాజర్, నాజర్ అంటే బుర్రకథ అనే రోజుల్లో పెరిగినవాడు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి ఊరు పొన్నెకల్లు ఆ చుట్టుపక్కలదే. పిల్లలు ఆయన్ని మొదట "సార్" అన్నారు, టీ తాగేసరికి "తాతా" అయ్యారు.

తాత హాల్లో అడుగుపెట్టగానే పైకి చూసి, "ఫ్యాన్లు ఎయ్యండి," అన్నాడు. ఆపమంటాడనుకున్నాం. "తిరనాళ్లలో రంగులరాట్నం పక్కన కథ చెప్పేవాళ్లం, ఇదో లెక్కా?"

ముందు అందర్నీ నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద తలో పుస్తకం పెట్టించాడు. ఊపిరి పీలిస్తే పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు. తర్వాత తంబురా భుజానేసుకుని, వేళ్లకి అందెలనే లోహపు ఉంగరాలు తొడుక్కుని ముందుకీ వెనక్కీ అడుగేస్తూ "తందాన తాన" అందుకున్నాడు. అటూ ఇటూ ఇద్దరు పిల్లల్ని వంతలుగా నిలబెట్టాడు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. అడుగు పడుతుంటే ఊపిరి దానంతటదే సర్దుకుంటుందట. నిజంగానే సర్దుకుంది. కూర్చుని గొణిగే పిల్లలు నడుస్తూ పలికేసరికి మాట ముందుకు వచ్చింది.

సింగ్‌నగర్ అమ్మాయి వంతు వచ్చింది. ఆమె డైలాగు: "నాన్న పడవలో వస్తున్నాడని చెప్పారు గానీ రాలేదు." చివరి వరసలో నాకు "నాన్న పడవలో వస్తున్నాడని చెప్పారు గానీ రా..." దాకా వినపడింది. ఆ తర్వాత ఫ్యాను.

"గట్టిగా చెప్పమ్మా," అన్నాను. అరిచింది. అరిచినా "గానీ రా" దగ్గరే ఆగింది.

తాత నా వైపు తిరిగాడు. "గట్టిగా చెప్పమని అనమాక అమ్మాయ్. పిల్ల గొంతు బానే ఉంది. మాట చివర మింగుతోంది. మన తెలుగులో అసలు సంగతంతా చివర్నేగా ఉండేది! వచ్చాడో రాలేదో, చచ్చాడో బతికాడో చెప్పే ముక్క ఆఖర్న వస్తది. ఆ ముక్క దాకా ఊపిరి దాచుకోకపోతే వాళ్ల నాన్న వచ్చినట్టా, రానట్టా?"

ఇరవై ఏళ్లుగా నాటకాలు చూస్తున్నాను, వేస్తున్నాను. వాక్యం ఎత్తుగడలో బలమంతా పెట్టేసి క్రియ దగ్గర గాలి తీసేయడం మన స్టేజి మీద ఇంత మామూలని ఇప్పుడే పట్టుకున్నాను. తర్వాత ఇంటికి వచ్చి పాత వీడియోలు పెట్టుకుని విన్నాను. నేను వేసినవాటితో సహా, అంతే.

అప్పటికప్పుడు ఒక ఆట పుట్టింది. హాలు బయట, ఆటోలు తిరిగే రోడ్డు పక్కన, ముప్ఫై అడుగుల దూరంలో ఇద్దరు. ఒకళ్లు "పాలవాడు వచ్చాడు" అనో "పాలవాడు రాలేదు" అనో అనాలి. అవతలివాళ్లు విన్నది చెప్పాలి. అరవకూడదు, చేతులూపకూడదు. మొదటి పదిసార్లలో ఆరు తప్పు. గంట తర్వాత రెండు. టీకొట్టు ఆయన గ్లాసులు కడుగుతూ "ఇంతకీ పాలవాడు వచ్చాడా లేదా?" అని అడిగాడు.

మార్చి 23

లైట్ల బాబాయి వచ్చి హాలు చూశాడు. తెనాలి మనిషి. ఊళ్లల్లో నాటకాలకి లైటింగ్ చేస్తూ నలభై ఏళ్లు గడిపాడు. ముందు స్టేజి చూడలేదు, మెయిన్ స్విచ్ చూశాడు.

"మీ లిస్టులో పన్నెండు పార్ లైట్లు రాశారు. ఒక్కోటి వెయ్యి వాట్లు. అంటే ఒక్కోదానికి నాలుగు ఆంపియర్ల పైమాటే. పన్నెండూ వేస్తే యాభై దాటుద్ది. మీ ఎంసీబీ, అదే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి, 32 ఆంపియర్లది. లైట్లు వెలగవు, హాలంతా ఆరిపోద్ది."

చివరికి మొహాల మీదికి నాలుగు హాలోజన్లు, మిగతావి ఎల్ఈడీ. అన్నీ ఎల్ఈడీయే పెట్టొచ్చు కదా అంటే ఒకసారి వేసి చూపించాడు. మేం తెచ్చుకోగలిగిన చవక ఎల్ఈడీ తెల్లరంగులో మనవాళ్ల చామనఛాయ మొహాలు బూడిద పూసినట్టు అయిపోయాయి. "ఇది శవాల సీనుకి ఉంచుకోండి." హాలోజను పడగానే అదే మొహం బతికింది. వేడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మార్చి 27

ప్రపంచ రంగస్థల దినోత్సవం. మేం చేసిందల్లా పాంప్లెట్ ప్రూఫ్ దిద్దడం. "నాటికలు" అన్నది "నాటుకలు" అని పడింది.

మార్చి 30

ఉగాది. సెలవు. రేపు రంజాన్. రిహార్సల్స్ లేవు. గంజి డబ్బాకి వీడ్కోలు.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి. హాలు వీధిలో రెండు పందిళ్లు, నాలుగు స్పీకర్లు. రిహార్సల్ ఆపేసి వెళ్లి పానకం తాగొచ్చాం. మూడో పలక కిర్రుమనకుండా కిందనుంచి చెక్కముక్క బిగించారు. ఇప్పుడు నాలుగోది మొదలుపెట్టింది.

ఏప్రిల్ 11

టెక్నికల్ రిహార్సల్. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి రాత్రి పదకొండున్నరకి తాళం వేశాం.

గుంటూరు పిల్లలు నిజం మిరపకాయలే తెచ్చారు. తేజ రకం, నిండు గోనె సంచి. స్టేజి మీద గుమ్మరిస్తే లైటులో ఎర్రగా మెరిసిపోయాయి. చూడ్డానికి అద్భుతం. పది నిమిషాలకి లైట్ల బాబాయి తుమ్మాడు. తర్వాత నేను. ఎవరో ఉక్కగా ఉందని ఫ్యాను వేశారు. ఇంక చెప్పక్కర్లేదు, హాలంతా కళ్లు తుడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చేసింది. నాటిక రాసిన అమ్మాయి ఒక్కతే లోపల నిలబడి, "మా అమ్మమ్మ రోజంతా ఇందులోనే కూర్చునేది," అంది. మాట నిజమే. కానీ 240 మందికి ఆ నిజం చూపించే ధైర్యం మాకు లేదు. సంచిలో గుడ్డలు కుక్కి, పైన ఒక వరస కాయలు మాత్రం పాత చీర ముక్కకి దారంతో కుట్టాం. నలుగురు కూర్చుని కుడితే మూడు గంటలు పట్టింది. వేళ్లు ఇప్పటికీ మండుతున్నాయి, ఇది రాస్తూ పొరపాటున కన్ను తుడుచుకున్నాను.

సాయంత్రం ఆరున్నరకి హాలు మొత్తం చీకటి. ఎంసీబీ పడిపోయింది. లైట్లు, ఫ్యాన్లు లెక్కప్రకారమే ఉన్నాయి. బాబాయి టార్చి పట్టుకుని గ్రీన్‌రూమ్‌లోకి వెళ్లి రెండు తీగలు పట్టుకుని వచ్చాడు. ఒకదాని చివర ఇస్త్రీపెట్టె, ఇంకోదాని చివర టీ కెటిల్. ఇస్త్రీ చేస్తున్నది సింగ్‌నగర్ బృందం. తడిపిన ఉత్తుత్తి మెమో నిజంగా ఎలా ఆరుతుందో, ఆవిరి కనపడుతుందో లేదో చూస్తున్నారట. గ్రీన్‌రూమ్ తలుపు మీద పెద్దక్షరాలతో రాసి అంటించాం: ఇస్త్రీ ఇంటి దగ్గర, టీ కొట్టు దగ్గర.

ఏప్రిల్ 12, మొదటి రోజు

పొద్దున వర్క్‌షాపులకి అరవై మంది అనుకుంటే ఎనభై ఏడు మంది వచ్చారు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి అద్దంలా ఒకరి కదలికలు ఒకరు చేసే ఆట చిన్నప్పటి నుంచి తెలిసినట్టే పట్టేశారు. మేకప్ క్లాసులో అబ్బాయిలే ఎక్కువ.

సాయంత్రం మూడు నాటికలు. జనం 150 దాకా. ఫ్యాన్లు ఆపి తెర తీశాం. నిశ్శబ్దం ఎంత బావుందో! మూడు నిమిషాలు. నాలుగో నిమిషంలో ఒకాయన చేతిలో ఉన్న పాంప్లెట్‌తో విసురుకోవడం మొదలుపెట్టాడు. పక్కనావిడ అందుకుంది. ఐదు నిమిషాలకి 150 పాంప్లెట్లు. అందంగా ఉండాలని మందపాటి ఆర్ట్ పేపరు మీద వేయించాం కదా, ఫరఫరమని ఒకటే మోత. చివరి వరసలో నిలబడి ఫోన్ తీసి చూశాను. 61. ఫ్యాన్ల కంటే రెండు ఎక్కువ!

మొదటి నాటిక, హాస్టల్ అద్దం, సగం ఆ మోతలోనే కొట్టుకుపోయింది. పిల్లలు మాత్రం ఆగలేదు. మధ్యలో ఒకమ్మాయి డైలాగు మర్చిపోయి, పక్కమ్మాయిని చూసి, "అద్దం జరుపు, మర్చిపోయిందేంటో మొహం చూసుకుంటే గుర్తొస్తుంది," అంది. అది స్క్రిప్టులో లేదు. హాలంతా పగలబడి నవ్వింది.

విరామంలో అత్యవసర సమావేశం. రెండో నాటికకి ఫ్యాన్లు రెండు మీద పెట్టాం. ఎటూ కాకుండా పోయింది. మూడోది మిర్చి కథ. అందులో ఆడవాళ్లు తొడిమలు తుంచుతూ మాట్లాడుకుంటారు, మధ్యమధ్యలో మాట్లాడకుండా పనే చేసుకుంటారు. ఆ మౌనాలు ఆ నాటిక ప్రాణం. అక్కడ పాంప్లెట్ల చప్పుడు భరించలేక నేనే బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. తాత పక్కన కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. ఏమీ అనలేదు.

ఏప్రిల్ 13, రెండో రోజు

మార్పులు. గుమ్మం దగ్గర పాంప్లెట్లు ఇవ్వలేదు, వెళ్లేటప్పుడు ఇస్తామన్నాం. నాటికకీ నాటికకీ మధ్య పది నిమిషాలు "గాలి విరామం": ఫ్యాన్లన్నీ ఐదు మీద, మజ్జిగ గ్లాసులు. నాటిక సాగినంతసేపు ఫ్యాన్లు బంద్. ఈ సంగతి దాచకుండా ముందే జనానికి చెప్పాం. "పాతిక నిమిషాలు ఓర్చుకోండి, పిల్లలకి మైకుల్లేవు." చెప్పేసరికి జనం మా పక్షం అయిపోయారు. మొదటి రోజు కూడా ఇంత చిన్న మాట చెప్పి ఉంటే సరిపోయేది, మాకు తట్టలేదు.

210 మంది వచ్చారు. తెనాలి కుర్రాడి సప్లీ పద్యానికి వెనక నుంచి ఒక పెద్దాయన లేచి "వన్స్ మోర్!" అన్నాడు. కుర్రాడు హడలిపోయాడు. హార్మోనియం మాస్టారు కన్నుగీటి మళ్లీ శ్రుతి ఇచ్చారు. రెండోసారి రాగం ఇంకో రెండు మెలికలు తిరిగింది. మా పాతిక నిమిషాల నిబంధన ఇరవై తొమ్మిది అయింది.

చివరగా సింగ్‌నగర్. నాలుగు బెంచీలు, చీకటి, ఎదురు మేడ మీద దగ్గు. ఆ అమ్మాయి బెంచీ అంచున నిలబడి ఆరడుగుల ఖాళీ మీదుగా పిలిచింది: "అక్కా! మీ దగ్గర పాలు ఉన్నాయా?" ఆ మొదటి పిలుపుకే ముందు వరసలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సింగ్‌నగర్ నుంచే వచ్చిందని తర్వాత తెలిసింది.

"నాన్న పడవలో వస్తున్నాడని చెప్పారు గానీ రాలేదు."

నేను చివరి వరస గోడకి ఆనుకుని ఉన్నాను. అరవలేదు ఆ పిల్ల. "గానీ" దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, "రాలేదు" అన్నది మూడు అక్షరాలూ విడివిడిగా నా దాకా వచ్చాయి. తాత నా చెయ్యి మీద చిన్నగా తట్టాడు.

మెమో ఇస్త్రీ చేసే సీన్లో మాత్రం ఆవిరి రాలేదు. పెట్టె వేడి చేయొద్దన్నది మేమే కదా.

ఏప్రిల్ 15

లెక్కలు. హాలు, లైట్లు, తెరలు, మజ్జిగ, భోజనాలు, పాంప్లెట్లు అన్నీ కలిపి రూ.68,400. చందాలు రూ.52,000. గుమ్మం దగ్గర హుండీలో రూ.11,270, ఒక చిరిగిన యాభై నోటు కాకుండా. మిగిలింది నలుగురం పంచుకున్నాం. నల్ల తెర ఎక్కడ తెచ్చామో ఈసారి రాసి పెట్టాను, డైరీ వెనక అట్ట మీద. మిగిలిపోయిన 300 పాంప్లెట్లు ఎవరికైనా కావాలంటే ఇస్తాం, విసురుకోవడానికి బాగా పనికొస్తాయి.

ఏప్రిల్ 20

ముందు వరసలో కూర్చున్న ఆవిడ పట్టుబట్టింది. మా వీధిలో వేయండి అని. సింగ్‌నగర్‌లో ఆ పిల్లల వీధిలోనే, ఈసారి బెంచీలు కాదు, నిజం మేడలు. ఇటు ముగ్గురు, అటు ఇద్దరు, మధ్యలో సందు. జనం కింద కుర్చీలేసుకుని తలలెత్తి కూర్చున్నారు. కొందరు వాళ్ల వాళ్ల మేడలెక్కారు. గోడల మీద వరద నీటి గీత ఇంకా కనపడుతోంది. సున్నం వేసినచోట కూడా లోపల్నుంచి పైకి తేలుతోంది.

ఏడున్నరకి మొదలుపెట్టాం. లైట్ల బాబాయి ఒకే ఒక్క హాలోజను తెచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

"అక్కా! మీ దగ్గర పాలు ఉన్నాయా?" అని పిలిచింది ఆ అమ్మాయి. ఎదురు మేడ మీద మావాళ్లు బదులు చెప్పేలోపే ఆ పక్క మేడ మీద నుంచి, నాటకంలో లేని ఒక పెద్దావిడ, "ఉన్నాయే! రెండు పాకెట్లు ఉన్నాయి, తాడు వెయ్యి!" అంది.

వీధి మొత్తం ఘొల్లుమంది. ఆవిడ నిజంగానే లోపలికి వెళ్లి పాకెట్లు తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. పిల్ల తాడు పట్టుకుని నిలబడిపోయింది. తర్వాతి డైలాగు "అయితే పిల్లాడికి ఒక్కటి పంపండి." అది పోయింది, గుర్తు రావట్లేదు. ప్రాంప్టింగ్ చెప్పాల్సిన నేను మూడంతస్తుల కింద, కుర్చీలో ఉన్నాను.